కంచులోంచి పుట్టిన అక్షరం

ఫాంటు అంటే మనలో చాలామందికి మెనూలో కనిపించే ఓ పేరు, అంతే. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ దాటి కిందికి వెళ్ళేవాళ్ళు తక్కువ. 1992లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ 4 లాంటి ప్రింటర్ల ఫాంటుల జాబితా ఎప్పుడైనా ప్రింట్ తీసుంటే, అందులో 'ఆల్బర్టస్' అన్న పేరు చూసే ఉంటారు. దాని వెనక పెద్ద కథే ఉంది.

ముందు అక్షరం సంగతి. టైమ్స్‌లో గీత చివర చెప్పు తొడిగినట్టు ఓ అడ్డగీత ఉంటుంది. ఏరియల్‌లో అదేం ఉండదు. ఆల్బర్టస్‌లో మాత్రం, చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పైనట్టు, గీతే చివర్లో కాస్త విచ్చుకుంటుంది. బొద్దుగా ఉంటుంది కానీ మొద్దుగా ఉండదు.

ఎందుకంటే ఇది కలంతో పుట్టింది కాదు, ఉలితో పుట్టింది. బెర్తోల్డ్ వోల్పె 1905లో జర్మనీలోని ఆఫెన్‌బాక్‌లో పుట్టాడు. లోహపు పని నేర్చుకున్నాడు, రుడాల్ఫ్ కోహ్ దగ్గర అక్షరాల పని నేర్చుకున్నాడు. అన్నమయ్య రాగిరేకుల్లో అక్షరాన్ని లోపలికి చెక్కారు కదా, ఇతని కంచు పలకల్లో సరిగ్గా దానికి రివర్సు. అక్షరాన్ని వదిలేసి చుట్టూ ఉన్న లోహాన్ని తీసేస్తాడు. అలా బయట్నుంచి కోసుకుంటూ వస్తే నాజూకు గీతలకి చోటుండదు. అంచులు పదునుగా ఉన్న గట్టి అక్షరం మిగులుతుంది. 1932లో మోనోటైప్ సంస్థ సలహాదారు స్టాన్లీ మారిసన్ ఆ పని నచ్చి, వీటిని అచ్చు అక్షరాలుగా చెయ్యమన్నాడు. 1940 కల్లా ఆ కుటుంబం పూర్తయింది. 13వ శతాబ్దపు తత్త్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరు పెట్టారు.

ఈలోపు వోల్పె బతుకు తలకిందులైంది. యూదుడు కావడంతో నాజీల జర్మనీలో ఉండలేక 1935లో ఇంగ్లండు చేరాడు. 1940లో ఆ ఇంగ్లండే 'శత్రుదేశస్తుడు' అని పట్టుకుని ఆస్ట్రేలియాలో నిర్బంధ శిబిరానికి పంపింది. హిట్లర్ని తప్పించుకుని వచ్చినవాణ్ణి, జర్మన్ అని! 1941లో తిరిగొచ్చి, టి.ఎస్. ఎలియట్ డైరెక్టరుగా ఉన్న ఫేబర్ అండ్ ఫేబర్‌లో చేరాడు. 1975 వరకు అక్కడే దాదాపు 1,500 పుస్తకాలకి అట్టలు వేశాడు. వాటిల్లో చాలావాటి మీద ఈ అక్షరాలే.

తర్వాత ఆల్బర్టస్ పుస్తకాల అట్టలు దాటింది. 1967-68లో వచ్చిన 'ది ప్రిజనర్' టీవీ సీరియల్లో ఊరి బోర్డులన్నీ కొద్దిగా మార్చిన ఆల్బర్టస్సే. జాన్ కార్పెంటర్ 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్' టైటిల్స్‌లోనూ అదే. నాలుగు మాటలు పెద్దగా వెయ్యాలంటే దీనికి తిరుగులేదు. రిపోర్టు మొత్తం దీంతో కొడితే మాత్రం చదివేవాడు తిట్టుకుంటాడు :)

అన్నిటికంటే నాకు గట్టిగా తగిలింది సిటీ ఆఫ్ లండన్ వీధుల పేర్ల పలకలు. వాటి మీద ఉన్నదీ ఆల్బర్టస్సే. బ్యాంకులకి నిలయమైన ఆ పాత నగరంలో వీధులకి పేరు రాయడానికి, ఒకప్పుడు ఆ దేశమే శత్రువని బంధించిన మనిషి అక్షరాలు కావాల్సొచ్చాయి. పాస్‌పోర్టు చూసి మనిషిని లెక్కగట్టే వాళ్ళకి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు.