ఇంటి ఫ్రీజర్‌లో ఆహార నిల్వ – పాటించవలసిన జాగ్రత్తలు

ఒకప్పుడు పట్టణాలలోని సంపన్న గృహాలకే పరిమితమైన రిఫ్రిజిరేటర్ నేడు తెలుగునాట పల్లెల్లోని మధ్యతరగతి ఇళ్ళకు సైతం చేరింది. ఆదివారం కొన్న మాంసం, తీరప్రాంత బంధువులు పంపిన చేపలు, శీతకాలంలో చౌకగా దొరికే పచ్చి బఠాణీలు, విందులో మిగిలిన కూరలు అన్నింటికీ ఫ్రీజరే ఆధారమవుతోంది. అయితే ఫ్రీజర్‌లో పెట్టిన పదార్థంలోని క్రిములు నశిస్తాయనీ, అది ఎన్నాళ్ళయినా తినడానికి యోగ్యమేననీ ప్రజలలో నెలకొన్న అభిప్రాయం సరైనది కాదు.

మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద సూక్ష్మజీవుల పెరుగుదల పూర్తిగా నిలిచిపోతుంది. కాని వాటిలో అధికభాగం చనిపోవు. సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి బాక్టీరియా మంచులో నిద్రాణంగా ఉండి, పదార్థం కరిగిన వెంటనే తిరిగి వృద్ధి చెందనారంభిస్తాయి. అనగా ఆహారం ఏ స్థితిలో ఫ్రీజర్‌లోకి వెళ్ళిందో దాదాపు అదే స్థితిలో బయటకు వస్తుంది. అందువల్ల అసలు జాగ్రత్త పదార్థాన్ని లోపల పెట్టడానికి ముందూ, బయటకు తీసిన తరువాతా అవసరం.

వండిన పదార్థాన్ని రెండు గంటలలోపు చల్లార్చి లోపల పెట్టాలి. గది ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే ఈ గడువు ఒక గంట మాత్రమే. మన ప్రాంతపు వేసవిలో మధ్యాహ్నం వండిన కూరను సాయంత్రం వరకు వంటగదిలో ఉంచి, ఆపై ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల ప్రయోజనం శూన్యం. పెద్ద గిన్నెతో అలాగే పెట్టిన పదార్థం మధ్యభాగంలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ గల పాత్రలలోకి సర్ది, నీళ్ళు పోసిన పళ్ళెంలో ఉంచితే త్వరగా చల్లారుతుంది. మాంసాన్ని ఒక పూటకు సరిపడే పొట్లాలుగా విభజించి, గాలి లేకుండా పలుచగా ఒత్తి, తేదీ వ్రాసి పెట్టుకోవడం ఉత్తమం. దుకాణదారు ఇచ్చిన రంగు పాలిథీన్ సంచితో అలాగే భద్రపరచరాదు. గాలి తగిలిన చోట మాంసం తెల్లబారి ఎండినట్లు కనిపిస్తుంది. ఇది రుచిని పాడుచేస్తుందే తప్ప హానికరం కాదు.

చేపల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. కానాగంతలు, ట్యూనా వంటి చేపలు పట్టిన తరువాత ఐసు లేకుండా ఎండలో ఉన్నట్లయితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఇది ముఖం ఎర్రబారడం, దద్దుర్లు, తలనొప్పి వంటి లక్షణాలకు కారణమవుతుంది. ఫ్రీజర్ దీనిని తొలగించలేదు, వంట కూడా తొలగించలేదు. కాబట్టి ఐసులో ఉంచి అమ్మిన చేపలనే కొనాలి. బఠాణీల వంటి కూరగాయలను మరిగే నీటిలో రెండు నిమిషాలు ముంచి, వెంటనే చల్లటి నీటిలో వేసి, ఆరబెట్టి నిల్వచేస్తే రంగు, రుచి నిలుస్తాయి.

మైనస్ 18 డిగ్రీలు స్థిరంగా ఉంటే ఖైమా మూడు నుంచి నాలుగు నెలలు, కోడి ముక్కలు తొమ్మిది నెలలు, కొవ్వు అధికంగా గల చేపలు, వండిన కూరలు రెండు మూడు నెలలు నాణ్యత కోల్పోకుండా ఉంటాయి. ఒకే తలుపు గల రిఫ్రిజిరేటర్‌లోని ఐసు అరకు ఈ లెక్కను గుడ్డిగా వర్తింపజేయరాదు. అటువంటి అరలు కొన్ని మైనస్ 6 లేదా మైనస్ 12 డిగ్రీల వరకే చల్లబడతాయి. మొదటి దానిలో వారం, రెండవ దానిలో నెలకు మించి నిల్వచేయకపోవడం మేలు. రిఫ్రిజిరేటర్ తలుపుపై అంటించిన నక్షత్రాల గుర్తు విద్యుత్ పొదుపుకు సంబంధించినది. అయిదు నక్షత్రాలున్నంత మాత్రాన ఫ్రీజర్ అధిక చల్లదనాన్నిస్తుందని భావించరాదు. ఒక చిన్న థర్మామీటర్ ఈ సందేహాన్ని తీరుస్తుంది.

విద్యుత్ అంతరాయం కలిగినపుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన విశాఖపట్నంలో అనేక ప్రాంతాలు రోజుల తరబడి విద్యుత్తుకు దూరమయ్యాయి. ఇటువంటి సమయాలలో ఫ్రీజర్‌లోని ఆహారాన్ని ఉంచాలా, పారవేయాలా అనే ప్రశ్న ప్రతి ఇంటా ఎదురవుతుంది. తలుపు తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది సుమారు 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. దిగువనున్న రిఫ్రిజిరేటర్ భాగానికి ఈ వ్యవధి నాలుగు గంటలే. కనుక తుపాను హెచ్చరిక వెలువడగానే ఖాళీ స్థలాన్ని మూడు వంతులు నీరు నింపిన ప్లాస్టిక్ సీసాలతో నింపడం మంచిది. గంటా రెండు గంటల కోతకు ఆందోళన అనవసరం.

ఇంట్లో లేని సమయంలో కోత పడిందేమో తెలుసుకొనుటకు ఒక సులభ మార్గం ఉన్నది. కప్పులో నీటిని గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి నాణెం ఉంచాలి. ఊరి నుంచి తిరిగివచ్చేసరికి నాణెం పైనే ఉంటే భయం లేదు. అడుగుకు చేరి ఉంటే నీరు పూర్తిగా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, అప్పుడు లోపలి మాంసాన్ని, చేపలను పారవేయవలసిందే. విద్యుత్తు వచ్చేసరికి పొట్లాలలో ఇంకా మంచు రేణువులుంటే, లేదా ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకు మించకుంటే తిరిగి గడ్డకట్టించవచ్చును. నాలుగు డిగ్రీలకు పైబడి రెండు గంటలు గడచిన మాంసం, పాల పదార్థాలు, వండిన కూరలు వాడరాదు. రుచి చూసి నిర్ణయించడం ప్రమాదకరం, ఎందుకంటే రోగకారక క్రిములు వాసననుగాని రుచినిగాని మార్చకపోవచ్చును.

కరిగించే పద్ధతి

ఉదయం మాంసాన్ని తీసి వంటగట్టుపై ఉంచి, మధ్యాహ్నం వండడం మన ఇళ్ళలో పరిపాటి. లోపలి భాగం గడ్డగా ఉండగానే పైభాగం గది వేడికి చేరి క్రిములకు నిలయమవుతుంది. ముందురోజు రాత్రే రిఫ్రిజిరేటర్ అడుగు అరలో, పాలు పెరుగులపై నీరు కారకుండా ఒక గిన్నెలో ఉంచడం సురక్షితం. తొందర ఉన్నపుడు నీరు చొరని సంచిలో ఉంచి చల్లటి నీటిలో ముంచి, ప్రతి అరగంటకు నీటిని మార్చాలి. వేడినీరు వాడరాదు. నీటిలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించిన మాంసాన్ని వెంటనే వండాలి, పచ్చిగా తిరిగి ఫ్రీజర్‌లో పెట్టరాదు. రిఫ్రిజిరేటర్‌లో కరిగించిన దానిని మాత్రం మళ్ళీ గడ్డకట్టించవచ్చును, కొంత రసం కోల్పోతుంది. నిల్వ చేసిన కూరలను తినబోయే ముందు అడుగు నుంచి కలియబెడుతూ, అంతటా పొగలు వచ్చేవరకు, అనగా మధ్యభాగం 74 డిగ్రీలకు చేరేవరకు వేడిచేయాలి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఈ నియమంలో సడలింపు పనికిరాదు.