ఓడ లెక్కలో అమ్మ వంట

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1943 నవంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కైజర్ ఓడల కర్మాగారాల గేట్ల దగ్గర రెండు శిశు కేంద్రాలు తెరుచుకున్నాయి. షిఫ్టు దిగి బిడ్డ కోసం వచ్చిన తల్లి, ముందే చెప్పి ఉంచితే, ఇంటిల్లిపాదికీ వండిన భోజనం కూడా అక్కడే కొనుక్కుని వెళ్లేది. ఇంటికెళ్లి వెచ్చబెట్టుకుంటే సరి. పగలంతా వెల్డింగు చేసి వచ్చిన మనిషి మళ్లీ పొయ్యి ముందు నిలబడాలా అన్న సంగతి ఒక ఓడల కంపెనీకి పట్టిందంటే అబ్బురమే. కట్టడంలోనూ అదే శ్రద్ధ. నడుమ ఆటస్థలం, చుట్టూ చక్రంలా గదులు, ఆయాలు నడుం వంచకుండా పిల్లలకు నీళ్లు పోసేలా ఎత్తుగా కట్టిన తొట్లు, అమ్మ పనిచేసే ఓడలు కనబడే కిటికీలు.

ఇది వట్టి దయాధర్మం కాదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టిన మాట నిజమే కానీ, ఖర్చు ఓడల ధరలో కలిసి ప్రభుత్వానికే చేరింది. అంటే పసిపిల్లల్ని సాకడం, రాత్రికింత వండడం ఉక్కు రేకులతోపాటు ఓడ ఖర్చులోకి ఎక్కాయి. ఈ ఏర్పాటుకున్న అసలు విలువ అదే. అంతకుముందు శిశు కేంద్రాలు పేదలకు చేసే దానం. 1933లో వచ్చిన ప్రభుత్వ శిశు పాఠశాలల ముఖ్యోద్దేశం నిరుద్యోగ ఉపాధ్యాయులకు పని చూపడం. యుద్ధకాలంలో దేశమంతటా 5 లక్షలకు పైగా పిల్లల్ని ఆదుకున్న లాన్‌హామ్ చట్టం కూడా మొదట యుద్ధ కార్మికుల ఇళ్ల కోసం పుట్టిందే.

యుద్ధం అయిపోయాక ఆడవాళ్లు ఇల్లు చేరాలనే కోరుకున్నారు కదా, ఇక కేంద్రాలెందుకు అంటారు కొందరు. కానీ కార్మిక శాఖలోని మహిళా విభాగం అప్పట్లో ఉద్యోగినులను అడిగి చూస్తే, నలుగురిలో దాదాపు ముగ్గురు పని మానబోమన్నారు. చాలాచోట్ల సీట్లు నిండలేదన్నదీ నిజమే. అయితే కేంద్రం దూరమై, వేళలు షిఫ్టుకు కుదరకపోతే ఏ తల్లి మాత్రం ఏం చేస్తుంది? అక్కర లేదనడానికి అది సాక్ష్యం కాదు. ఈ ఏర్పాటు ఓడ ఖర్చుగా వచ్చింది కనుకే ఓడలతోపాటే పోయింది. 1945లో పోర్ట్‌లాండ్ కేంద్రాలు మూతపడ్డాయి, 1946లో లాన్‌హామ్ నిధులు ఆగిపోయాయి. గట్టిగా పోరాడిన కాలిఫోర్నియా తల్లులు రాష్ట్ర నిధులతో తమ కేంద్రాలను నిలబెట్టుకున్నారు. దేశమంతటికీ శిశు సంరక్షణ అందించే బిల్లు 1971లో కాంగ్రెస్ గడప దాటినా, అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు.