బిల్లు అడగని ఖర్చు, లెక్కలోకి రాని ఖర్చు

జూలై వచ్చిందంటే ఉద్యోగాలు చేసే మన పిల్లల నోట ఒకటే మాట, రిటర్న్ వేశావా అని. అందులో స్టాండర్డ్ డిడక్షన్ అని ఒక గడి ఉంటుంది. కొత్త పద్ధతిలో అయితే 75,000 రూపాయలు. ఉద్యోగం చేయడానికి అయ్యే ఖర్చు కింద దాన్ని జీతంలోంచి తీసేసి, మిగిలినదాని మీదే పన్ను. ఒక్క బిల్లూ చూపక్కర్లేదు. మరి రైతు ఖర్చుని ఎప్పుడైనా ఎవరైనా ఇట్లా తీసి లెక్క కట్టారా? కట్టారండీ. ఎట్లా కట్టారన్నదే అసలు కథ.

ముందు జీతగాళ్ల సంగతి ముగిద్దాం. 1961 చట్టం వచ్చిన కొత్తలో ఖర్చులు విడివిడిగా తీసేవారు. పనికి కావాల్సిన పుస్తకాలు కొంటే ఏడాదికి 500 రూపాయల దాకా, సొంత బండి పనికి వాడితే దానికి కొంత. 1974లో ఇవన్నీ కలిపి ఒకే మొత్తం చేశారు. జీతంలో మొదటి 10,000 మీద 20 శాతం, ఆపైన 10 శాతం, ఎంతైనా 3,500 దాటకూడదు. 2005 బడ్జెట్‌లో చిదంబరం గారు ఎత్తేశారు. 2018లో జైట్లీ గారు 40,000 అని మళ్లీ తెచ్చారు. తెస్తూనే ప్రయాణ భత్యం మీద ఉన్న 19,200, వైద్యం బిల్లుల మీద ఉన్న 15,000 మినహాయింపులు లాగేశారు. కూడి చూస్తే అసలు పెరిగింది 5,800. మరుసటేడు 50,000 అయింది, 2024లో కొత్త పద్ధతి వాళ్లకి 75,000.

ఇక మన సంగతి. 1857 తిరుగుబాటు అణచడానికి అయిన అప్పులు పూడ్చుకోవాలని 1860లో జేమ్స్ విల్సన్ మన దేశానికి ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల ఆదాయానికి 2 శాతం, ఆపైన 4 శాతం. అందులో భూమి మీద వచ్చే ఆదాయమూ ఉంది. 1886 చట్టమే వ్యవసాయాన్ని వదిలేసింది. దయ తలచి కాదు, భూమి మీద శిస్తు అప్పటికే పిండుతున్నారు కాబట్టి.

ఆ శిస్తు లెక్కలోనే రైతు ఖర్చు తీసివేత ఉంది. దత్తమండలాల్లో పొలం పొలం కొలిపించిన మన్రో, తాను వేసిన శిస్తు మొత్తం పంటలో సుమారు 45 శాతం అవుతోందనీ, పావు వంతు తగ్గించి మూడో వంతుకి తేవాలనీ 1807లో తానే రాశాడు. మద్రాసు వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. (సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది ఈయన పేరే.)

మొత్తం పంటలో కాదు, ఖర్చులు పోగా మిగిలినదాంట్లో సగం సర్కారుది అనే సూత్రం 1864 నాటికి స్థిరపడింది. లెక్క ఇట్లా నడిచేది. నేలని తరాలుగా విడగొట్టి, ఎకరాకి ఇంత ధాన్యం అని అంచనా. కరువేళ్లు వదిలేసి ఇరవై ఏళ్ల సగటు ధర. అందులో బండి కిరాయికి, వ్యాపారి లాభానికి కొంత కోత. వానలు తప్పే ఏళ్ల కోసం ఇంకొంత. ఆ తర్వాత సేద్యం ఖర్చు. మిగిలినదాంట్లో సగం శిస్తు. కోస్తా, సీమ వాళ్లు మీ ఊరి ఆర్‌ఎస్‌ఆర్ తీసి చూడండి, తరం అనే గడి ఉంటుంది, ఎకరాకి ఇంత అని రేటూ ఉంటుంది. ఆ లెక్క మిగిల్చిన గుర్తే అది. నిజాం ఇలాకాది వేరే కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

కాగితం మీద చూస్తే ఇప్పటి స్టాండర్డ్ డిడక్షన్ కన్నా ఎంతో నయం అనిపిస్తుంది. కానీ ఆ ఖర్చు రైతు చెప్పింది కాదు, సెటిల్‌మెంట్ ఆఫీసరు వేసిన సగటు. అదీ ముప్పై ఏళ్లకి ఒకసారి. మధ్యలో ఎద్దుల ధర రెండింతలైనా, కూలి పెరిగినా ఆ అంకె కదలదు. ధాన్యం ధర పెరిగితే రైతుకి మిగిలేది, అది నిజమే. ధర పడితే మాత్రం నగదు శిస్తు మెడకి చుట్టుకునేది. ప్రతి సెటిల్‌మెంట్ దగ్గరా గొడవ ఈ ఖర్చుల అంకె మీదే వచ్చిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు వ్యవసాయాదాయం మీద కేంద్రం పన్ను లేదు కదా, ఈ లెక్కలెందుకు అంటారా? ఉద్యోగమూ, పొలమూ రెండూ ఉన్నవాళ్లకి కావాలి. కె.ఎన్. రాజ్ కమిటీ 1972లో చెప్పిన మీదట, 1973 నుంచి వ్యవసాయాదాయాన్ని కలిపి చూసి రేటు నిర్ణయించే పద్ధతి వచ్చింది. నికర వ్యవసాయాదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం పన్ను పరిమితి దాటితే మీ జీతం పైశ్లాబులోకి జరుగుతుంది. పొలం మీద పన్ను పడదు గానీ పొలం వల్ల జీతం మీద పన్ను పెరుగుతుందన్నమాట. ఇక్కడ ‘నికర’ అన్న మాట పట్టుకోండి. విత్తనం, ఎరువు, మందులు, ఇచ్చిన కూలి, ట్రాక్టర్ కిరాయి తీసేసిన తర్వాతే ఆ అంకె. రసీదులు దాచుకున్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ.

ఇక మీరు తెల్లారుజామున లేచి స్వయంగా పెట్టిన నీళ్లకి, తీసిన కలుపుకి ఆ లెక్కలో ఒక్క రూపాయి పోదు. సొంత కష్టం ఖర్చు కిందికి రాదు. మద్దతు ధర లెక్క కట్టే సీఏసీపీ వాళ్లు మాత్రం ఇంటిల్లిపాదీ చేసిన పనికీ కూలి కట్టి ఖర్చులో కలుపుతారు. ఒకే పొలం, ఒకే పని, ఒక ఆఫీసులో ఖర్చు, ఇంకో ఆఫీసులో కాదు.