ఎద్దు కాదు, ఆంబోతు

ఈసారి నా తప్పుతోనే మొదలుపెడతాను. ఇక్కడ టెక్సాస్‌లో పశువుల ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఒక పెద్ద బ్రాహ్మన్ పశువు ఫొటో తీసి తాతయ్యకు పంపాను. "ఎద్దు ఎంత బాగుందో చూడండి తాతయ్యా" అన్నాను. ఆయన నవ్వారు. "ఎద్దు కాదమ్మా, అది ఆంబోతు."

నాకు రెండూ ఒకటే అనిపించేవి. కాదట. మగ దూడ కోడె దూడ, ఆడది పెయ్య దూడ. కోడెకు విత్తు కొట్టించి బండికో నాగలికో కడితే అది ఎద్దు. దానికి ఇక దూడలు పుట్టవు. జాతిని నిలబెట్టేది ఆంబోతు.

ఒంగోలు ప్రాంతంలో ఈ తేడా చాలా ముఖ్యం. పూర్వం అక్కడ చనిపోయినవాళ్ల పేరున మంచి కోడెను ఎంచి, ఒంటి మీద ముద్ర వేసి, దేవుడికి వదిలేవారు. అది ఊరంతా తిరిగేది, ఎవరి చేనైనా మేసేది. ఊరి ఆవులకు పుట్టే దూడలకు అదే తండ్రి. "అచ్చుపోసిన ఆంబోతు" అనే తిట్టు అక్కడినుంచే వచ్చింది! (ఇది పెద్దవాళ్ల ముందు వాడకండి. నేను వాడి చూశాను.)

ఆ పశువులే సముద్రం దాటాయి. 1868లో ఒక జత బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్ముడైందని అక్కడి చరిత్ర చెబుతుంది. 1960 దశకం మొదట్లో మరికొన్ని మంచి ఆంబోతులు వెళ్లాయి. వాటిలో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కనే ఉన్న కరవది ఊరి పేరది. ఇప్పుడు బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతి, దీని సంకరాలే. అక్కడ దీన్ని 'నెలోర్' అంటారు. ఒంగోలు పశువుకు నెల్లూరు పేరెందుకు? అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. వేరే జిల్లా అయింది 1970లో.

టెక్సాస్ బ్రాహ్మన్‌లో కూడా గుజరాత్ జాతులతో పాటు ఒంగోలు రక్తం ఉంది. అంటే నేను ఫొటో తీసింది మాకు దూరపు చుట్టాన్నే.

తాతయ్య ఊళ్లో ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గిపోయాయి. ఆయన కొట్టంలో ఇప్పుడు మోటార్ సైకిల్ ఉంటుంది. ఫొటో చూసి ఆయన ఇంకో ప్రశ్న అడిగారు: "మూపురం సరే, గంగడోలు ఎంత ఉంది?" గంగడోలు అంటే మెడ కింద వేలాడే చర్మం. నా ఫొటోలో అది పడలేదు.