సింహాసనానికి కాపలా, సింహాసనంపై హక్కు: రజాకార్లు, కమ్యూనిస్టు దళాలు, రెండు ప్రభుత్వాలు (1946–51)

తన ఏలుబడిలో పుట్టిన సాయుధ దళాల్లో కొన్నిటిని ప్రభుత్వం అణచివేస్తుంది, కొన్నిటిని చేరదీస్తుంది. అణచే బలం లేకనే చేరదీస్తుందని చాలామంది అంటారు. ఈ వివరణ చాలదని పాల్ స్టానిలాండ్ ‘ఆర్డరింగ్ వయొలెన్స్’ (2021)లో వాదించాడు. దళం భావజాలం పాలకులకు ఎంత దగ్గర, తక్షణ ప్రయోజనాలు ఎక్కడ కలుస్తాయి అన్నవే ఆయన దృష్టిలో కీలకం. హైదరాబాదు సంస్థాన చరిత్రకు ఈ వాదం చాలావరకు అన్వయిస్తుంది. అయితే భావజాలం మరీ దగ్గరైనప్పుడు ప్రభుత్వమే దళానికి లొంగిపోతుందని ఇక్కడి అనుభవం చూపిస్తుంది. ఈ వ్యాసం ప్రతిపాదన అదే.

1941 నాటికి సంస్థాన జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. అందులో ముస్లింలు దాదాపు 13 శాతం. రాజ్యాధికారం ముస్లిం సమాజానిది, నిజాం దానికి ప్రతీక మాత్రమే అన్నది మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసిన ‘అనల్ మాలిక్’ సిద్ధాంతం. 1946లో లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ అధ్యక్షుడయ్యాక దాని సాయుధ స్వచ్ఛంద సేవకులైన రజాకార్ల దళాలు విస్తరించాయి. వాళ్లు సింహాసనాన్ని కాపాడుతున్నామన్నారు. వాళ్ల సిద్ధాంతం ప్రకారం ఆ సింహాసనం వాళ్లదే. వాళ్లను తిరుగుబాటుదారులనాలంటే, అధిక సంఖ్యాకులపై తన ఏలుబడికి చూపుకునే ఆధారాన్నే నిజాం ప్రభుత్వం వదులుకోవాలి.

1947 అక్టోబరు 27న ఈ చిక్కు బయటపడింది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి నిజాం అప్పటికే సమ్మతించాడు. ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరాల్సిన ఆ తెల్లవారుజామున ప్రధాని ఛతారీ నవాబు, రాజ్యాంగ సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇళ్లను మజ్లిస్ జనం చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఛతారీ రాజీనామా చేశాడు. మజ్లిస్‌కు ఆమోదయోగ్యుడైన మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. నవంబరు 29న ఒప్పందం కుదిరింది, కానీ రజాకార్లకు పగ్గం వేయగల చెయ్యి ప్రభుత్వంలో మిగల్లేదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామం మీద రజాకార్లూ సర్కారు బలగాలూ కలిసే దాడి చేశాయి. అదే నెలలో, రజాకార్లను తెగడిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నడివీధిలో చంపారు. భారత సైన్యానికి లొంగిపోయాక సెప్టెంబరు 23న నిజాం రేడియోలో మాట్లాడుతూ, ఒక చిన్న ముఠా తన చేతులు కట్టేసిందన్న అర్థంలో చెప్పుకున్నాడు. ఇది తప్పును తప్పించుకునే మాట అని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి ఆ దళాన్ని పెరగనిచ్చింది ఆయన సర్కారే.

తక్షణ ప్రయోజనం ఒక్కటే ఎంతవరకు పనిచేస్తుందో, తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం నడుపుతున్న కమ్యూనిస్టుల విషయంలో తేలింది. 1948 మేలో లాయక్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేసింది. భారత యూనియన్‌తో తలపడబోయే వేళ ఒక శత్రువునైనా తగ్గించుకుందామన్న లెక్క అది. పల్లెల్లో మాత్రం ఏమీ మారలేదు. భూస్వాములైన దేశ్‌ముఖుల భూములు పంచుతున్న కమ్యూనిస్టుల సంఘానికీ, ఆ దేశ్‌ముఖుల మీద ఆధారపడిన సర్కారుకూ నడుమ పొత్తు కుదరదు.

సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. రజాకార్ల దళాలు చెదిరిపోయాయి, రజ్వీ జైలుపాలయ్యాడు. తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై సాగిన హత్యాకాండను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది; ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఈ మౌనాన్ని పక్కనపెట్టి సైనిక చర్యను అంచనా వేయడం న్యాయం కాదు.

రజాకార్లతో ప్రాణాలొడ్డి పోరాడిన కమ్యూనిస్టు దళాలను యూనియన్ ప్రభుత్వం మిత్రులుగా చూడలేదు. ఉమ్మడి శత్రువు కూలిపోగానే ఎదురుగా నిలిచింది భూమి ప్రశ్న. పారిపోయిన దొరలు సైన్యం నీడన గడీలకు తిరిగొచ్చి, పంచిన భూములు అడిగారు. దళాలు ఆయుధాలు దించలేదు. పోరాట విరమణ 1951 అక్టోబరులో గానీ జరగలేదు. నిజాంకు మాత్రం 1950 జనవరిలోనే రాష్ట్రాధినేతగా రాజ్‌ప్రముఖ్ పదవి దక్కింది. సంస్థానాన్ని ఏలినవాడితో రాజీ సాధ్యమైంది, భూమి దున్నేవాడిదన్న దళంతో సాధ్యం కాలేదు. ఈ తేడా వాళ్ల తుపాకుల సంఖ్యను బట్టి వచ్చింది కాదు. కొత్త ప్రభుత్వం ఆస్తి హక్కును ఎలా చూసిందో దాన్ని బట్టి వచ్చింది.