సెనేటర్ అడిగింది ధర, చట్టం ఇచ్చింది భద్రత

మందుల ధరల మీద అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ 1959 డిసెంబర్ 7న వాషింగ్టన్‌లో మొదలైంది. దాని అధ్యక్షుడు టెనెసీ సెనేటర్ ఎస్టెస్ కెఫావర్. గుత్తాధిపత్యాల గుట్టు విప్పడం ఆ ఉపసంఘం పని. ఉక్కు, కార్ల కంపెనీలను అంతకుముందే నిలదీసింది.

తొలి సాక్షి షెరింగ్ కంపెనీ అధ్యక్షుడు. కీళ్లవాతానికి వాడే ప్రెడ్నిసొలోన్ మాత్ర లెక్కను ఉపసంఘం ఆయన ముందు పెట్టింది. తయారీకి అయ్యేది సుమారు 1.6 సెంట్లు, మందుల షాపుకు అమ్మేది దాదాపు 18 సెంట్లకు, రోగి చేతి నుంచి పోయేది ఇంచుమించు 30 సెంట్లు. పరిశోధన ఖర్చూ డాక్టర్లకు మందును పరిచయం చేసే ఖర్చూ ఆ 1.6 సెంట్లలో లేవని కంపెనీ వాదించింది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కెఫావర్ పట్టుకున్న అసలు చిక్కు వేరు. మందు ఎంచుకునేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. చీటీలో రాసింది కొనాల్సిందే తప్ప బేరమాడే వీలు లేదు.

అందుకే 1961 ఏప్రిల్‌లో తెచ్చిన బిల్లులో ఆయన పేటెంట్‌ మీదే గురిపెట్టారు. మూడేళ్లు గడిచాక రాయల్టీ కట్టిన ఏ కంపెనీ అయినా ఆ మందును తయారు చేసుకోవచ్చన్నారు. కంపెనీలు భగ్గుమన్నాయి, డాక్టర్ల సంఘం కూడా వాటి పక్షమే. 1962 వేసవికి బిల్లును దాదాపు నీరుగార్చేశారు.

దానికి ప్రాణం పోసింది ఒక నిద్రమాత్ర. పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్లకూ వాడారు. చేతులూ కాళ్లూ సరిగా ఎదగని బిడ్డలు పుట్టసాగారు; ప్రపంచమంతటా వారి సంఖ్య 10,000 దాటిందని అంచనా. అమెరికాలో అనుమతి కోసం 1960 సెప్టెంబర్‌లో దరఖాస్తు వచ్చినప్పుడు, ఔషధ నియంత్రణ సంస్థలో కొత్తగా చేరిన డాక్టర్ ఫ్రాన్సిస్ కెల్సీ ఆధారాలు చాలవని దాన్ని తిప్పి పంపారు. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా ఆమె కదల్లేదు. 1961 నవంబర్‌లో జర్మనీలోనే మందును ఉపసంహరించుకున్నారు. అనుమతి లేకున్నా, పరీక్ష పేరిట వెయ్యి మందికి పైగా అమెరికన్ డాక్టర్లకు అప్పటికే మాత్రలు చేరాయి. 1962 జులై 15న వాషింగ్టన్ పోస్ట్ కెల్సీ కథను ప్రచురించడంతో జనంలో కలకలం రేగింది.

అక్టోబర్ 10న అధ్యక్షుడు కెనెడీ చట్టం మీద సంతకం చేశారు. 1938 చట్టం మందు హాని చేయదని చూపితే చాలంది; కొత్త చట్టం అది పనిచేస్తుందని పరీక్షలతో రుజువు చేయమంది. ప్రయోగాలకు రోగి సమ్మతి, దుష్ప్రభావాలు వెల్లడించే బాధ్యత వచ్చాయి. పాత మందులనూ వదల్లేదు: 1966లో మొదలైన సమీక్షలో 3,000కు పైగా ఉత్పత్తులను జల్లెడ పడితే వందల రకాలు మార్కెట్ వదిలి పోయాయి. ఇంత గొప్ప చట్టంలోనూ ధర ఊసు లేదు. పేటెంట్ నిబంధన ఎగిరిపోయింది. మరుసటి ఏడే కెఫావర్ మరణించారు.

అక్కడ ఎగిరిపోయిన సగం భారత్‌లో పనికొచ్చింది. యాంటీబయాటిక్‌ల ధరలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని కెఫావర్ ఉపసంఘం 1961 నివేదిక పేర్కొంది. పేటెంట్ చట్టంపై ఇక్కడి చర్చల్లో ఆ మాట పదేపదే వినిపించింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1970 పేటెంట్ల చట్టం వచ్చింది, 1972లో అమలైంది. మందుకు కాక తయారీ పద్ధతికే, అదీ ఏడేళ్లకు మించకుండా పేటెంట్ ఇచ్చారు. వేరే పద్ధతి కనిపెట్టిన వారికి దారి తెరుచుకుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించింది ఈ చట్టం నీడలోనే. 2005 నుంచి మందుకే పేటెంట్ ఇచ్చే విధానం తిరిగి వచ్చింది.

అమెరికాలో మాత్రం ధర ప్రశ్న అలాగే మిగిలింది. వృద్ధుల కోసం 1965లో పెట్టిన మెడికేర్ బీమా, ఇంట్లో వాడుకునే మందుల ఖర్చు భరించలేదు. 2003 చట్టం ఆ లోటు తీర్చినా, కంపెనీలతో ధర బేరమాడకుండా ప్రభుత్వం చేతులు కట్టేసింది. ఆ కట్టు సడలింది 2022 చట్టంతో. మాత్రల విషయంలో అనుమతి వచ్చి కనీసం ఏడేళ్లయి, పోటీ మందు లేనివాటినే బేరానికి ఎంచుకోవాలి. ఎలిక్విస్, జనూవియా సహా తొలి పది మందుల కొత్త ధరల అమలుకు 2026 జనవరి 1ని తేదీగా పెట్టారు.