ఈడు: పక్కన మనిషిని కోరే మాట

"నీ ఈడుకి నాకు ఇద్దరు పిల్లలే!" మనవరాలితో ఈ మాట అనని బామ్మ తెలుగునాట అరుదు. అందులో గొప్పలకంటే చరిత్రే ఎక్కువ. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి పెట్టిన కనీస వయసు 14. అది 18కి చేరింది 1978 సవరణతోనే.

ఈడంటే ఇప్పుడు వయసే. కానీ మాట మూలంలో ఉన్నది సాటి, సమానం. తమిళంలో 'ఈడు' అంటే నేటికీ సరితూగేది; నష్టపరిహారాన్ని అక్కడ 'నష్ట ఈడు' అంటారు. మన 'ఈడూ జోడూ'లో ఆ పాత అర్థం చెక్కుచెదరలేదు. సంస్కృతంలోనూ అంతే, వయస్సు నుంచి పుట్టిన 'వయస్యుడు' ఒకే ఈడు స్నేహితుడు.

తెలుగులో వయసొచ్చిందంటే యవ్వనం, వయసు మీదపడిందంటే ముసలితనం. రెండింటి నడుమ కాలం కళ్లు మూసి తెరిచేలోగా గడిచిపోతుంది.

వయసును ఏళ్లతో లెక్కపెట్టొచ్చు. ఈడుకు పక్కన ఇంకో మనిషి కావాలి. "నాకు 85" అన్నప్పుడు తాతయ్య గొంతు మామూలుగానే ఉంటుంది. "నా ఈడువాళ్లెవరూ మిగల్లేదురా" అన్నప్పుడే వణుకుతుంది. 'ఒరేయ్' అని పిలిచే హక్కున్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడన్న బాధ అది.

ఈసారి బామ్మ "నీ ఈడుకి..." అని మొదలుపెడితే నవ్వి ఊరుకోకండి. ఆ ఈడులో తనతో ఆడుకున్నవాళ్ల పేర్లు అడగండి.